బాస్ "నీ మనసు మాట విను" అంటారు, నా మనసు రోజుకో మాట చెబుతుంది

ఈ ఉత్తరం నాలుగు పేజీలు. రాసినావిడ తన పేరు, కంపెనీ పేరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి అవసరమైనంత వరకు నా మాటల్లో చెబుతాను.

ఆవిడ తొమ్మిదేళ్లు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కోడ్ రాసే పనిలోనే ఉన్నారు, పని బాగా వచ్చిన మనిషని పేరు తెచ్చుకున్నారు. ఏడాదిన్నర కిందట పాత మేనేజర్ వేరే విభాగానికి మారితే ఆయన స్థానం ఈవిడకు వచ్చింది, పద్నాలుగు మంది టీమ్. ఆ పాత మేనేజర్ మీటింగ్‌లో పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని చివర్లో "ఇలా వద్దు, అటు వెళ్దాం" అనేవారట, చాలాసార్లు ఆయన అన్నదే నిజమయ్యేదట. ఈవిడకు అలా రావడం లేదు. ఏ నిర్ణయమైనా అందరినీ అడుగుతారు, స్ప్రెడ్‌షీట్లు వేస్తారు, రాత్రి ఒకటనుకుంటారు, పొద్దున ఇంకొకటి చెబుతారు. "మేడమ్‌ని ఆఖర్న ఎవరు కలిస్తే వాళ్ల మాటే నెగ్గుతుంది" అని టీమ్‌లో ఇద్దరు నవ్వుకోవడం చెవిన పడింది. ఉత్తరంలో ఆ మాట మూడుసార్లు వచ్చింది, అంతగా గుచ్చుకుందన్నమాట.

జరిగిన సంగతులు రెండు రాశారు. ఒక ప్రాజెక్ట్ గడువుకి పూర్తి కాదని మొదటి వారంలోనే అనిపించింది, కానీ కాగితం మీద లెక్కలన్నీ బాగానే ఉండడంతో నోరు మెదపలేదు, అది రెండు నెలలు ఆలస్యమైంది. దాంతో ఇకమీదట మనసు మాటే వినాలని తీర్మానించుకుని, ఆ తర్వాత ఇంటర్వ్యూకి వచ్చిన ఒకతను చూడగానే నచ్చితే, పక్కన కూర్చున్న ఇద్దరూ సందేహించినా తీసుకున్నారు. అతను పని చేయలేకపోయాడు, ఐదో నెలలో వెళ్లిపోయాడు.

ఇప్పుడు మూడోది ఎదురుగా ఉంది. పాత పెద్ద క్లయింట్ ఒకరు తమకోసం ప్రత్యేకంగా ఒక సిస్టమ్ చేసిపెట్టమంటున్నారు, ఒప్పుకుంటే సగం టీమ్ ఏడాది పాటు దాని మీదే ఉండాలి. టీమ్‌లో అందరికన్నా సీనియర్, ఒకప్పుడు ఈ మేనేజర్ పోస్ట్ ఆశించిన ఆయన, తీసుకుందామంటున్నారు. ఈవిడకు లోపల వద్దనిపిస్తోంది, ఎందుకంటే చెప్పలేకపోతున్నారు. బాస్ "నువ్వు లీడర్‌వి, నీ మనసు ఏం చెబితే అది చెయ్" అని వదిలేశారు. మూడు వారాల్లో తేల్చాలి. ఎటు వెళ్లాలో ఇట్టే తెలిసిపోవడం పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటే వస్తుందా, రాదనుకుంటే పాత పనికి తిరిగి వెళ్లిపోవడం నయమా అని అడుగుతున్నారు.

నేర్చుకుంటేనే వస్తుందండీ. మీకు కొంత వచ్చేసింది కూడా, కాకపోతే మీరు రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే తక్కెడలో వేసి "ఒకసారి ఒప్పయింది, ఒకసారి తప్పయింది, కాబట్టి నా మనసుని నమ్మలేను" అనే లెక్కకు వచ్చారు. ఆ లెక్క తప్పు.

1980లలో గ్యారీ క్లైన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ అగ్నిమాపక దళాల అధికారులు క్షణాల్లో నిర్ణయాలు ఎలా తీసుకుంటారో తెలుసుకోవాలని వాళ్లతో గంటల తరబడి మాట్లాడాడు. వాళ్లలో ఒకాయన చెప్పిన సంఘటన ఇది: ఇంట్లో వంటగది వైపు మంట, నీళ్లు కొడుతున్నారు, మంట తగ్గట్లేదు, ఈయనకు ఎందుకో ఏదో తేడాగా అనిపించి అందరినీ బయటికి రమ్మన్నాడు, వాళ్లు వచ్చిన కాసేపటికే నిలబడిన నేల కూలిపోయింది. అసలు మంట కింద, నేలమాళిగలో ఉంది. ఆ అధికారి తనకేదో అతీంద్రియ శక్తి ఉందనే నమ్మాడు. క్లైన్ కూర్చోబెట్టి ఒక్కో నిమిషం తవ్వి తీస్తే తేలిందేమిటంటే, ఆ గదిలో వేడి వంటగది మంటకు ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉంది, చప్పుడు మాత్రం అంత వేడికి ఉండాల్సినంత లేదు, నీళ్లకు మంట లొంగాల్సినట్టు లొంగలేదు. చూసిన మంటలన్నీ బుర్రలో ఉన్నాయి కాబట్టి ఇది వాటిలా లేదని పట్టేసింది, కారణం నోటికి వచ్చేలోపే కాళ్లు కదిలాయి. హెర్బర్ట్ సైమన్, 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాయన, ఈ సహజజ్ఞానం (మీరంటున్న మనసు మాట) అంటే గుర్తుపట్టడమే, అంతకు మించి ఏమీ లేదు అనేవాడు. ఆయన విలియం చేజ్‌తో కలిసి 1973లో చదరంగం ఆటగాళ్ల మీద చేసిన పని కూడా అదే చూపించింది: నిజమైన ఆటలోని బోర్డుని ఐదు సెకన్లు చూపిస్తే నిపుణుడు చాలావరకు తిరిగి పేర్చేస్తాడు, అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి చూపిస్తే ఆ తేడా దాదాపుగా పోయి కొత్తగా నేర్చుకుంటున్నవాడి స్థాయికి వచ్చేస్తాడు.

ఇప్పుడు మీ మొదటి సంఘటన చూడండి. తొమ్మిదేళ్లలో ఎన్ని ప్రాజెక్టులు గడువు దాటడం చూసి ఉంటారు! ఎవరు "అయిపోతుంది" అంటే నిజంగా అయిపోతుందో, ఎవరు అంటే ఇంకో మూడు వారాలు పడుతుందో మీకు తెలుసు. ఏ మాడ్యూల్‌ని ముట్టుకుంటే ఇంకెక్కడ విరుగుతుందో తెలుసు. ఆ స్ప్రెడ్‌షీట్‌లో ఆ సంగతులేవీ లేవు, మీ తలలో ఉన్నాయి. ఇక ఇంటర్వ్యూ సంగతి. మీరు ఇప్పటివరకు ఎంతమందిని తీసుకుని ఉంటారు, ఐదారుగురా? వాళ్లు ఎలా పని చేశారో తెలియడానికి నెలలు పడుతుంది, వద్దని పంపేసినవాళ్లు ఇంకోచోట బ్రహ్మాండంగా చేస్తున్నారేమో ఎప్పటికీ తెలియదు. అలాంటి చోట మనసుకి పాఠం చెప్పేవాళ్లు లేరు. అతను చక్కగా మాట్లాడాడు, మీకు నచ్చాడు, అంతే జరిగింది.

క్లైన్‌కీ, ఇలాంటి సహజజ్ఞానాన్ని ఎప్పుడూ అనుమానించే సైకాలజిస్ట్ డేనియల్ కానెమన్‌కీ (ఈయనకీ 2002లో నోబెల్ వచ్చింది) చాలాకాలం పొసగలేదు. చివరికి ఇద్దరూ కలిసి కూర్చుని 2009లో ఒక వ్యాసం రాశారు, ఎక్కడ ఏకీభవిస్తామో తేల్చుకున్నారు. మనసు చెప్పేది నమ్మాలంటే రెండు ఉండాలన్నారు: ఆ పనిలో ఒక క్రమం ఉండాలి, అంటే ముందు కనిపించే గుర్తులకీ తర్వాత జరిగేదానికీ నిజంగా సంబంధం ఉండాలి, ఆ మనిషికి ఆ గుర్తుల్ని చాలాసార్లు చూసి, తన అంచనా ఒప్పో తప్పో తెలుసుకునే అవకాశం దొరికి ఉండాలి. అది గట్టిగా అనిపించడం మాత్రం దేనికీ రుజువు కాదన్నారు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ ఇంటర్వ్యూ రోజున మీకు ప్రాజెక్ట్ ఆలస్యం గురించి అనిపించినదానికన్నా గట్టిగానే అనిపించి ఉంటుంది.

కాబట్టి ఒక కాగితం తీసుకుని, మీరు నిర్ణయాలు తీసుకోవాల్సిన విషయాలు వరసగా రాసి, ఒక్కోదాని పక్కన "దీంట్లో నా అంచనాలు ఎలా తేలాయో ఎన్నిసార్లు చూశాను" అని వేసుకోండి. పని ఎంతకాలం పడుతుందో చెప్పడంలో మీ మనసుకి మంచి చదువు ఉంది, అక్కడ ధైర్యంగా నోరు తెరవండి, లెక్కలు వేరేగా చెప్పినా "నాకు అనుమానంగా ఉంది, ఈ రెండు చోట్ల మళ్లీ చూడండి" అనండి. టీమ్‌లో ఎవరు ఇబ్బంది పడుతున్నారో పసిగట్టడం ఇప్పుడిప్పుడే వస్తూ ఉంటుంది. మనుషుల్ని తీసుకునే విషయంలో ఇంకా రాలేదు, అక్కడ అందరికీ ఒకే ప్రశ్నలు, చేసి చూపించడానికి ఒక చిన్న పని, ముగ్గురూ విడివిడిగా మార్కులు వేసి ఆ తర్వాతే మాట్లాడుకోవడం, ఇవే దిక్కు. రెండేళ్ల తర్వాత మార్కెట్ ఎటు పోతుందనేది మీకే కాదు, చాలామందికి తెలియదు, తెలిసినట్టు మాట్లాడేవాళ్లు ఉంటారు అంతే.

మీ పాత మేనేజర్ గురించి ఒక మాట. ఆయన అంచనాల్లో నిజమైనవి మీకు గుర్తున్నాయి, తప్పినవి మీదాకా వచ్చి ఉండకపోవచ్చు. పైగా ఆయన తెలియనిచోట మౌనంగా ఊరుకునే రకమేమో, అది కూడా ఒక నేర్పే. ఆయన పక్క విభాగంలోనే ఉన్నారు కదా, ఒకసారి కలవండి. అయితే "మీకు ఎలా తెలిసేది?" అని అడగొద్దు, "అనుభవంతో వస్తుందమ్మా" అని టీ తాగి పంపేస్తారు. ఒక్క సంఘటన పట్టుకోండి, ఇద్దరికీ బాగా గుర్తున్నది. ఆరోజు మొదట ఏం గమనించారు, ఏం కనిపించాల్సింది కనిపించలేదు, ఏం తెలిసి ఉంటే ఇంకోలా చెప్పేవారు, నాలాంటి కొత్తవాళ్లయితే ఎక్కడ పొరబడేవాళ్లు, ఇలా అడగండి. క్లైన్ ఆ అధికారి దగ్గర చేసింది ఇదే. గంటలో ఆయన ఇరవై ఏళ్ల అనుభవం రాదు కానీ ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

ఇక ఆ గుచ్చుకున్న మాట. నిజం చెప్పాలంటే వాళ్లు నవ్వింది మీ అంచనాలు తప్పుతున్నాయని అనుకోను, మీరు ఏమంటారో ముందుగా ఊహించలేకపోతున్నారని. టీమ్‌కి జోస్యం చెప్పేవాళ్లు అక్కర్లేదు, మీరు సెలవులో ఉన్నరోజు "మేడమ్ ఉంటే ఇలాగే చెప్పేవారు" అనుకుని పని నడిపించుకోగలగాలి, దిశ అంటే నా దృష్టిలో చాలావరకు అదే. దానికి మీరు ఈ ఏడాది ఈ టీమ్ దేనికోసం ఉందో, ఏం చేయబోదో, నాణ్యతకీ గడువుకీ పోటీ వస్తే ఏది నెగ్గుతుందో నాలుగు వాక్యాల్లో రాసి అందరి ముందూ పెట్టాలి. ఇబ్బంది లేకపోలేదు, రాసి పెట్టాక మీరే దాన్ని తప్పితే అందరికీ కనిపిస్తుంది, అందుకే చాలామంది మేనేజర్లు ఆ పని చేయరు.

ఇంకొకటి చిన్నది, కానీ ఇదే ముందు మొదలుపెట్టమంటాను. ఎవరినీ అడగకముందే మీ అభిప్రాయం ఒక పుస్తకంలో రెండు లైన్లు రాసుకోండి, ఎందుకో కూడా, ఎంత నమ్మకమో పదికి ఇన్ని అని వేసుకోండి. తర్వాత అందరి మాటా వినండి. అభిప్రాయం మారితే మారనివ్వండి, కానీ ఎవరి మాటతో కాకుండా ఏ వాదనతో మారిందో రాయండి, టీమ్‌కి చెప్పేటప్పుడు కూడా ఆ వాదన చెప్పండి. ఆఖర్న కలిసినవాళ్లదే నెగ్గుతోందా లేదా అన్నది మీకే తెలిసిపోతుంది. మూడు నెలలకోసారి ఆ పుస్తకం తిరగేస్తే మీ మనసు ఎక్కడ తెలివైందో, ఎక్కడ గొప్పలు పోతోందో బయటపడుతుంది. ఇది నెమ్మదిగా సాగే పని, మూడు వారాల్లో ఒరిగేదేమీ ఉండదు, ఆ సంగతి దాచను.

మూడు వారాల సంగతికే వద్దాం. మీకు ఎందుకు వద్దనిపిస్తోందో చెప్పలేకపోతున్నానన్నారు. మీ ఉత్తరం నాలుగో పేజీలో మీరే చెప్పారు, పక్కమాటగా: ఈ అయిదు నెలల్లో ఆ క్లయింట్ తరఫున మాట్లాడే మనిషి రెండుసార్లు మారాడు, ఫోన్ చేసిన ప్రతిసారీ ఇంకో కోరిక కలుస్తోంది, ఈ సిస్టమ్ వాళ్లకి ఎందుకు కావాలో ఇప్పటిదాకా ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఇవి గుర్తులండీ! ఇలా మొదలైన ప్రాజెక్టులు ఎలా ముగుస్తాయో మీరు కోడ్ రాసేవైపు నుంచి చాలాసార్లు చూసే ఉంటారు. అయినా ఒక్కటి సరిచూసుకోండి. ఈ నిర్ణయం మీదని ఎవరికీ తెలియదనుకోండి, తప్పయినా మీ పేరు రాదు. అప్పుడు కూడా వద్దనే అనిపిస్తోందా? అనిపిస్తే అది పనిని చూసి చెబుతున్న మాట. ఆ ఊహతో భారం దిగిపోయి "సరే చేద్దాం" అనిపిస్తే మాత్రం ఇన్నాళ్లూ మాట్లాడింది భయం, పోయిన రెండు దెబ్బల తాలూకు టెన్షన్.

సీనియర్ గారి గురించి మీరు రాసిన తీరు నాకు కాస్త ఏకపక్షంగా అనిపించింది. ఆయనకి పోస్ట్ రాలేదన్న కడుపుమంట ఉందేమో, ఉండొచ్చు. కానీ ఆ క్లయింట్‌తో ఆరేళ్లుగా మాట్లాడుతున్నది ఆయనే అని కూడా మీరే రాశారు. అంటే వాళ్లు డబ్బు సరిగ్గా ఇస్తారా, మనుషులు మారినా మాట నిలబడుతుందా, కాదంటే అలిగి వెళ్లిపోతారా అన్నవాటిలో చదువుకున్న మనసు ఆయనది. పని ఎంత పెరుగుతుందన్నదాంట్లో మీది. ఇద్దరూ వేరు వేరు ప్రశ్నలకు సరైన జవాబులు చెబుతూ ఒకే ప్రశ్న మీద గొడవ పడుతున్నారేమో. ఆయన్ని విడిగా కూర్చోబెట్టి "మీరేం చూసి అవునంటున్నారు?" అని అడగండి, మధ్యలో అడ్డు తగలకుండా వినండి.

తర్వాత టీమ్‌తో ఒక గంట. "ఏడాది గడిచింది, ఈ పని తీసుకున్నాం, ఘోరంగా చెడింది, ఎందుకు చెడిందో ఒక్కొక్కరూ రాయండి" అనండి. చెడుతుందా అని అడిగితే మొహమాటపడేవాళ్లు, చెడిపోయింది ఎందుకు అంటే గడగడా రాసేస్తారు. ఇదీ క్లైన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే. అదే గంటలో రెండో కాగితం మీద, తీసుకోనందువల్ల ఏడాది తర్వాత బాధపడుతున్నాం, ఎందుకు అని కూడా రాయించండి, లేకపోతే మీకు కావాల్సిన జవాబే రాబట్టుకున్నారంటారు.

ఆ తర్వాత మీ ముందు మూడు దారులున్నాయి. ఒప్పుకుంటే ఏడాదికి ఆదాయం ఖాయం, సీనియర్ మీతో ఉంటారు, కానీ మిగతా సగం టీమ్ రెండింతల పని మోయాలి, మధ్యలో ఆపడం చాలా కష్టం, కోరికలు పెరిగితే నలిగేది మీరే. కాదంటే టీమ్‌కి స్పష్టత వస్తుంది, బాస్ ముందు కారణాలు చెప్పుకోవాలి, క్లయింట్ పోతే ఆ మచ్చ కొన్నాళ్లు మీ మీద ఉంటుంది, సీనియర్‌ని పోగొట్టుకునే ప్రమాదమూ ఉంది. మూడోది, టీమ్‌లో ఇద్దరిని మాత్రమే పెట్టి ఆరు వారాల పని, డబ్బు తీసుకునే చేయడం: వాళ్లకి నిజంగా ఏం కావాలో కాగితం మీద పెట్టించడం, ఒక చిన్న ముక్క చేసి చూపించడం. ఇది తెలివైన దారిలా కనిపిస్తుంది, చాలాసార్లు అవును కూడా, కానీ ఆపాల్సిన షరతులు మొదటిరోజే రాసుకోకపోతే ఆరు వారాలు కాస్తా ఆరు నెలలవుతుంది, నిర్ణయం తీసుకోకుండా తప్పించుకోవడానికి మీకు ఇంకో సాకు దొరుకుతుంది. మీ అలవాటు తెలిసింది కాబట్టి అంటున్నాను, కోపం తెచ్చుకోకండి. వాళ్ల వైపు నుంచి నిర్ణయించే మనిషి మళ్లీ మారితే ఆపేస్తాం, కారణం కాగితం మీదకి రాకపోతే ఆపేస్తాం, ఇలా రెండు షరతులు క్లయింట్‌కే ముందు చెప్పగలిగితేనే ఆ దారి పట్టండి.

అయినా తేలకపోతే కంప్యూటర్ చిప్‌లు చేసే ఇంటెల్‌లో 1985లో అప్పటి ప్రెసిడెంట్ ఆండీ గ్రోవ్ వేసుకున్న ప్రశ్న వేసుకోండి. మెమరీ చిప్‌లతోనే పుట్టి పెరిగిన కంపెనీ, జపాన్ పోటీతో ఆ వ్యాపారం మునిగిపోతోంది, వదిలేయడానికి ఎవరికీ చేతులు రావడం లేదు. గ్రోవ్ అప్పటి సీఈఓ గోర్డన్ మూర్‌ని అడిగాడు, మనల్ని తీసేసి బోర్డు కొత్త సీఈఓని తెస్తే అతను ఏం చేస్తాడు అని. మెమరీ నుంచి బయటపడతాడు అన్నాడు మూర్. అయితే ఆ పని మనమే చేద్దాం అనుకున్నారు, చేశారు, అదీ తేలికగా ఏం జరగలేదు, ఫ్యాక్టరీలు మూశారు, చాలామంది ఉద్యోగాలు పోయాయి. రేపు మీ కుర్చీలోకి ఎవరో కొత్తవాళ్లు వస్తే, ఆ క్లయింట్‌తో పాత మొహమాటం లేనివాళ్లు, టీమ్ నవ్విందన్న కసి లేనివాళ్లు, ఏం చేస్తారు?

మీ బాస్ "మనసు చెప్పింది చెయ్" అన్నది నమ్మకంతోనా, తలనొప్పి తన దగ్గరికి తేవొద్దనా, ఉత్తరం చదివితే నాకు అర్థం కాలేదు. వెళ్లి సూటిగా రెండు ప్రశ్నలు అడగండి: ఈ క్లయింట్ పోతే కంపెనీ తట్టుకుంటుందా, నేను కాదంటే మీరు పైవాళ్ల ముందు నా వెనక నిలబడతారా. రెండోదానికి నీళ్లు నమిలితే ఈ నిర్ణయం అసలు మీ ఒక్కరిదీ కాదని తేలిపోతుంది, అప్పుడు కారణాలన్నీ మెయిల్‌లో రాసి ఆయన జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

పాత పనికి వెళ్లిపోవడం తప్పని నేననను. కోడ్ రాస్తే కలిగే తృప్తి మీకు మీటింగుల్లో దొరకట్లేదంటే అది మంచి కారణం, జీతంలో, హోదాలో తేడా వస్తే సర్దుకోగలరో లేదో ఇంట్లో మాట్లాడుకుని వెళ్లొచ్చు. దిశ తెలియడం లేదన్నదొక్కటే కారణమైతే మాత్రం ఏడాదిన్నర చాలా తక్కువ, అందులోనూ ఏ అంచనా ఎలా తేలిందో ఇప్పటిదాకా రాసుకోలేదు. ఈ క్లయింట్ సంగతి తేలేదాకా ఆ మాట బాస్ దగ్గర ఎత్తకండి, ఇప్పుడు ఎత్తితే మీరు ఏ నిర్ణయం చెప్పినా వెళ్లిపోయే మనిషి మాటగానే వింటారు. సీనియర్‌తో మాట్లాడాక ఆయన ఏమన్నారో వీలైతే రాయండి.